కొబ్బరి కళ్ళం మీద అన్నయ్య కారు

మా అన్నయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆర్టీసీ బస్సు నడిపాడు. ఎక్కువ కాలం అమలాపురం, రాజోలు మధ్యే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క తోటలు, మధ్యలో ఒక బస్సుకి సరిపడే రోడ్డు. ఆ రోడ్డు మీదే ఎదురొచ్చే లారీకి కూడా చోటివ్వాలి. ఇచ్చేవాడు. వెనకొచ్చే ప్రైవేటు బస్సుకి మాత్రం ఇచ్చేవాడు కాదు. కిందటి చలికాలంలో పోయాడు. అతని గురించి ఎవరు మాట్లాడినా మంచివాడంటున్నారు. మంచివాడే కాని, ఆ మాటలో నాకు అతను కనపడ్డం లేదు. అందుకని రిమోట్ కార్ల సంగతి రాస్తున్నాను.

రిటైరైన కొత్తలోనే ముందు కుడిచెయ్యి, తరవాత ఎడమచెయ్యి వణకడం మొదలైంది. కాకినాడలో డాక్టరు గారు చూసి, ఇది తగ్గేది కాదనీ, మందులు వాడితే నెమ్మదిగా ముదురుతుందనీ చెప్పారు. అన్నయ్య ఒక్కొక్క పనీ వదులుకుంటూ వచ్చాడు. గడ్డం మంగలికి అప్పజెప్పాడు. కాఫీ సగం గ్లాసే పోయమన్నాడు. బ్యాంకులో సంతకం కుదరడం లేదంటే వేలిముద్ర వేసి వచ్చాడు. వేటికీ గొడవ చెయ్యలేదు. వదలనంది ఒకటే, అంబాజీపేట కళ్ళంలో ఆదివారం సాయంత్రాలు ఆడే రిమోట్ కారు.

ఆ కళ్ళం ఒక కొబ్బరి వ్యాపారి గారిది. ఎండుకొబ్బరి ఆరబెట్టుకునే పెద్ద సిమెంటు కళ్ళం. వానాకాలంలో ఖాళీగా ఉంటుంది. దుబాయి నుంచి వచ్చిన ఆయన తమ్ముడు రెండు రిమోట్ కార్లు తెచ్చి అక్కడ నడిపి చూపించి, సెలవైపోతే వెళ్ళిపోయాడు. కార్లు మిగిలాయి. ఆ వానాకాలం అయ్యేసరికి చుట్టుపక్కల రిటైరైన వాళ్ళూ, రిటైరవ్వక తప్పని వాళ్ళూ తలొకటీ కొనుక్కున్నారు. అన్నయ్యకి వాళ్ళ అల్లుడు మస్కట్ నుంచి తెచ్చాడు.

నలుగురు చేరితే మనవాళ్ళు సంఘం పెట్టకుండా ఉండలేరు. సంఘం పేరు ఇక్కడ రాయను. అధ్యక్షుల వారు ఆ పేరు పూర్తిగా పలికేసరికి ఒక రౌండు అయిపోయేది. అధ్యక్షులు రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. కళ్ళం వాళ్ళది కనక వ్యాపారి గారు ఉపాధ్యక్షులు. మండపేట నుంచి వచ్చే రైసుమిల్లు ఓనరు గారు కార్యదర్శి. కార్ల కన్నా పదవులే ఎక్కువ. అన్నయ్య చేరేసరికి పదవులు అయిపోయాయి. ఊరికే ఉంచితే బావుండదని గౌరవ సలహాదారు అన్నారు. సలహా ఎవరూ అడగలేదు.

నేను ఆ సంఘంలో లేను. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటికీ అన్నయ్య ఇంటికీ మధ్య గోడ ఒకటే. స్కూటరు మీద అన్నయ్యని తీసుకెళ్ళి తీసుకొచ్చే పని వదిన నాకు అప్పజెప్పింది. తనకి ఈ ఆట ఇష్టం లేదు. "అరవై దాటేక బొమ్మలేంటి వదినా, వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను" అని ఆడపడుచునైన నాతో అనేది. కళ్ళంలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. పుస్తకం తెచ్చుకునేదాన్ని. చదివేది తక్కువ.

బొమ్మ అనే మాట కళ్ళంలో నిషిద్ధం. ఒకసారి టీ తెచ్చినావిడ, "బొమ్మకార్లు బాగా తిరుగుతున్నాయండీ" అంది. అధ్యక్షుల వారు ఆవిణ్ణి నిలబెట్టి, ఇవి బొమ్మలు కావనీ, అసలు వాహనానికి నమూనాలనీ, రెండిటికీ తేడా ఏమిటో వివరించారు. ఆవిడ శ్రద్ధగా వింది. టీ చల్లారిపోయింది.

కార్ల లోపలి సంగతి నాకు అన్నయ్యే చెప్పాడు.

"డీజిలింజను ఊపందుకోడానికి టైము పడుద్దే. గేరు మార్చాలి, అది మూలగాలి, అప్పుడు లాగుద్ది. కరెంటు మోటారుకి అదేం లేదు. వేలు తగిలిందా, ఉన్న బలవంతా ఒక్కసారే చక్రం మీద పడిపోద్ది. దాన్నే టార్క్ అంటారు వీళ్ళు."

"పడితే మంచిదేగా?"

"నేల పట్టుకుంటే మంచిదే. నేల వదిలేస్తే ఆ బలవంతా చక్రం తిరగడానికే సరిపోద్ది. బండి ఎక్కడిదక్కడే."

ఆ నేల పట్టుకునే నేల కాదు. ఏళ్ళ తరబడి కొబ్బరి ఎండి ఎండి ఆ సిమెంటు నూనె తాగింది. చూడ్డానికి పొడిగా ఉంటుంది. చెప్పులు విడిచి నడిస్తే తెలుస్తుంది. వాన పడి వెలిసిన సాయంత్రం మరీను.

ఈ సంగతి తెలిసినవాడు టైర్ల గురించి ఆలోచిస్తాడు. సంఘం మోటార్ల గురించి ఆలోచించింది. మిల్లు ఓనరు గారు పెద్ద మోటారు తెప్పించారు. మరుసటి వారం ఉపాధ్యక్షులు ఇంకా పెద్దది తెప్పించారు. అధ్యక్షుల వారు మోటారుతో పాటు దాని గొప్పతనం వివరించే ఉపన్యాసం కూడా తెచ్చారు. బలం పెరిగిన కొద్దీ కార్లు బయల్దేరిన చోటే నిలబడి, చక్రాలు గిర్రున తిప్పుకుంటూ, పెద్దగా అరిచేవి. చూసేవాళ్ళు "పవరండీ" అనేవారు. కాలేజీలో నేను చూసిన కమిటీలు కొన్ని గుర్తొచ్చేవి.

అయినా వాళ్ళకి అలవాటైంది. వేలు మెల్లగా నొక్కడం, మలుపు దగ్గర వదలడం నేర్చుకున్నారు. ఈ కార్ల రిమోటు చిన్న తుపాకీలా ఉంటుంది. చూపుడువేలితో నొక్కే మీట వేగానికి, పక్కనున్న చిన్న చక్రం మలుపుకి. మీటని వెంట్రుకవాసి మేర నొక్కగలిగిన వాడే ఆ నేల మీద ఆటగాడు.

అన్నయ్యకి ఆ పని తెలియదని కాదు. వానలో, కాలవగట్టు బురదలో, నిండు బస్సుని జారకుండా తీసుకెళ్ళిన మనిషి. ఎక్కడ వదలాలో, ఎక్కడ లాగాలో అందరికన్నా ముందు తెలిసేది. వేలు వినేది కాదు. వేలు వణికిన ప్రతిసారీ మోటారు దాన్ని ఆజ్ఞ అనుకునేది. కారు వెనకభాగం ఒక్క విసురు విసిరి, ముందుకు వెళ్ళాల్సింది వెనక్కి తిరిగి నిలబడేది.

ఎవరూ నవ్వలేదు. మా గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ.

"ఈవేళ గాలి ఎక్కువగా ఉందండీ" అన్నారు అధ్యక్షులు.

"ఆయ్, పడమటి గాలండీ" అన్నారు ఉపాధ్యక్షులు.

"గాలికి ఏ బండయినా తిరుగుద్దండీ" అన్నారు మిల్లు ఓనరు గారు.

కొబ్బరాకు కదలడం లేదు.

ప్రతి ఆదివారం గాలి వీచేది. అన్నయ్య కారు తిరిగినప్పుడే వీచేది. స్కూటరు మీద వెనక కూచుని ఒకరోజు అన్నాడు: "నవ్వినా బావుణ్ణే. నవ్వితే నేనూ ఒక మాట అందును. గాలంటే ఏమంటాం?"

అన్నయ్యకి ఏం కావాలో నాకప్పుడు అర్థమైంది. గెలవాలని తను ఎప్పుడూ అనలేదు. ఆ గుంపులో తనూ ఒక డ్రైవరుగా ఉండాలి. వెనకొచ్చేవాడికి దారి ఇవ్వకుండా సతాయించాలి, వాడు కష్టపడి దాటాలి, దాటాక తను వాణ్ణి వదలకూడదు. రాజోలు రోడ్డు మీద ఉన్నన్నాళ్ళూ చేసింది అదే. జాలిపడి పక్కకి తప్పుకునేవాళ్ళ మధ్య ఆ పని కుదరదు.

వెతికితే ఒక వస్తువు దొరికింది. అగ్గిపెట్టె కన్నా చిన్న పెట్టె. కారు లోపల, మోటారుకి బలం పంపే భాగానికి ముందు తగిలించాలి. వెనకభాగం విసురు మొదలవగానే కనిపెట్టి, ఆ క్షణానికి మోటారు బలం తగ్గిస్తుంది. చక్రాలు మళ్ళీ నేలని పట్టుకోగానే వదిలేస్తుంది. ఎంత తగ్గించాలో ఒక చిన్న మర తిప్పి మనమే చెప్పొచ్చు. ట్రాక్షన్ కంట్రోల్ అంటారు. కొరియర్లో తెప్పించాను. దాంతో వచ్చిన కాగితాలు నేనే చదివాను. ఒక్క విశేషణం లేకుండా ఉన్నాయి. ఆ ఏడాది చదివిన వాటిలో నాకు బాగా నచ్చినవి అవే.

అన్నయ్య ముందు ఒప్పుకోలేదు.

"ఇది నడుపుద్దా, నేను నడపాలా?"

"ఎక్కడ తిప్పాలో దానికి తెలీదు అన్నయ్యా. ఎప్పుడు దాటాలో తెలీదు. చక్రం జారుతుంటే ఆపుతుంది, అంతే."

పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్త డ్రైవరు పక్కన పాత డ్రైవరు కూచున్నట్టు."

"అలాగే అనుకో."

"పాతోడు నోరుమూసుక్కూచుంటాడా?"

"వీడికి నోరు లేదు."

రెండిళ్ళ మధ్య సందులో మర కొంచెం కొంచెం తిప్పుతూ సరిచేసుకున్నాం. ఎక్కువ బిగిస్తే కారు నత్తలా నడిచేది. తక్కువైతే మళ్ళీ విసిరేది. వదిన వంటింటి కిటికీలోంచి చూసి, "ఇప్పుడు ఇద్దరయ్యేరు" అంది.

ఆ ఆదివారం అన్నయ్య కారు తిరగలేదు. రౌండు తరవాత రౌండు చక్కగా వెళ్ళింది. కళ్ళానికి ఒక మూల, కొబ్బరికాయలు ఒలిచిన పీచు డొక్కల గుట్ట ఉంటుంది. ఆ మలుపు దగ్గర మిల్లు ఓనరు గారి కారు కొంచెం బయటికి జరిగింది. ఆ సందులోంచి అన్నయ్య దూరి దాటేశాడు. దాటి, మిగిలిన రౌండ్లన్నీ ఆయన్ని రానివ్వలేదు. ఆయన ఎటొస్తే అటు అడ్డం.

గాలి ప్రస్తావన ఆరోజు రాలేదు.

"బండిలో ఏదో పెట్టేరండీ" అన్నారు మిల్లు ఓనరు గారు.

"ఆయ్, పెట్టేనండి" అన్నాడు అన్నయ్య. పైడొప్ప విప్పి చూపించాడు. అందరూ వంగి చూశారు. అన్నయ్య కారు ప్రతివారం బొంగరంలా తిరిగినన్నాళ్ళూ సంఘానికి నియమాలు లేవు. ఒక్కసారి ఒక్కరిని దాటేసరికి నియమావళి కావలసి వచ్చింది.

మరుసటి ఆదివారం ఆట లేదు, సమావేశం. పకోడీలు చేయించారు. అధ్యక్షుల వారు క్రీడాధర్మం అనే మాటతో మొదలుపెట్టారు. ఆ గంటన్నరలో ఎవరూ అన్నయ్య పేరెత్తలేదు. చేతి సంగతి అసలే ఎత్తలేదు. "కొందరు" అన్నారు. "ఎవరైనా ఒకరు" అన్నారు. "ఉదాహరణకి" అన్నారు. ఉదాహరణ ఎదురుగా కుర్చీలో, ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని కూచుని ఉంది.

"మనిషికి భగవంతుడు ఇంద్రియాలిచ్చాడండీ" అన్నారు అధ్యక్షులు. "అవి చెయ్యాల్సిన పని యంత్రానికి అప్పజెబితే అది ఆటెలా అవుద్ది?" ఆ మాట దగ్గర ఆయన చెవిమిషను కూసింది. తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుని కొనసాగించారు.

ఉపాధ్యక్షుల వారికి అంతకు ముందు ఏడాదే పేస్‌మేకరు వేశారు. ఆయన లేచి ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "గుండె మీద చెయ్యేసుకు చెప్తున్నానండీ, యంత్రం సాయంతో బతకడం నాకిష్టం ఉండదు" అన్నారు.

మిల్లు ఓనరు గారు మండపేట నుంచి వచ్చిన అసలు కారు గేటు దగ్గర ఆగి ఉంది. దానికి గేర్లు అవే పడతాయి. వెనక్కి తీసేటప్పుడు ఎక్కడేముందో అదే చెబుతుంది. "నడపడం అంటే చెయ్యండీ, వేలండీ" అన్నారాయన. "మిగతాదంతా మోసమని నేననను. కాని మోసం లాంటిదే."

నేను పుస్తకం మూశాను. అధ్యక్షుల వారి చెవిలోది కూడా తీసేసి ఆడాలా అని అడుగుదామనుకున్నాను. అన్నయ్య నా వైపు చూశాడు. అడగలేదు.

అన్నయ్య లేచాడు. "పెద్దలు ఎలాగంటే అలాగేనండి. తీసేసే ఆడతాను. ఒక్క మాటండీ. నా బండి తిరిగిపోతే గాలనకండి."

పకోడీ నములుతున్న వాళ్ళు ఆగారు.

"ఏమన్నారండీ?" అన్నారు అధ్యక్షులు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఏం లేదండీ" అన్నాడు అన్నయ్య.

ఏదీ తేల్చకుండా లేవడం మర్యాద కాదు, తేల్చి చెప్పడం అంతకన్నా కాదు. అందుకని దసరానాడు అందరూ ఏ సాయమూ లేకుండా ఒకసారి నడపాలనీ, అది చూశాక నిర్ణయం తీసుకోవాలనీ తీర్మానించారు. ఇంటికొచ్చాక అన్నయ్య పెట్టె విప్పి నా చేతికిచ్చాడు. "దసరా తరవాత ఇంక రాననుకుంటానే" అన్నాడు.

దసరానాడు కొబ్బరి వ్యాపారి గారింట్లో ఆయుధపూజ. ఉపాధ్యక్షుల వారు పొద్దున్నే మనిషిని పంపి అందరి కార్లూ తెప్పించుకున్నారు. మేం వెళ్ళేసరికి కళ్ళం అరుగు మీద అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. బొండాలు కొట్టే కత్తులు, డొక్క ఒలిచే గునపాలు, కాటా, తూకపు రాళ్ళు, ఆ పక్కనే మా కార్లు. ఇంట్లో ఆడవాళ్ళు అన్నిటినీ కడిగి తుడిచి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఇనుముకి తుప్పు పట్టకుండా ఏటా కొబ్బరినూనె రాస్తారు. ఆ గుడ్డతోనే కార్లూ తుడిచారు. నిగనిగలాడుతున్నాయి. టైర్లయితే అద్దంలా ఉన్నాయి.

"కొత్తవాటి కన్నా బావున్నాయండీ" అన్నారు అధ్యక్షులు. అజ్ఞాతవాసం దగ్గర మొదలుపెట్టి ఆయుధ మహిమ వివరిస్తూ టార్కు దాకా వచ్చారు. ప్రతి చక్రం ముందూ నిమ్మకాయ పెట్టబోతే కారు కనపడలేదు. తీసేశారు. ఉపాధ్యక్షుల వారు కొబ్బరికాయ కొట్టారు. మొదలుపెట్టమని చెయ్యి ఊపారు.

అందరూ ఒక్కసారే మీట నొక్కారు.

మిల్లు ఓనరు గారి కారు దీపావళి భూచక్రంలా తిరుగుతూ వెళ్ళి డొక్కల గుట్టలో దూరింది. అధ్యక్షుల వారిది అడ్డంగా జారి ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది. అందరికన్నా పెద్ద మోటారున్న ఉపాధ్యక్షుల వారిది బయల్దేరిన చోటే ఉండి అరుస్తోంది. ఎంత మెల్లగా నొక్కితే అంత మెల్లగా తిరుగుతున్నాయి. ఆ గుంపులో అన్నయ్య కారు కూడా తిరిగింది. అందరివీ ఎలా తిరిగాయో అలాగే. ఆ కాసేపు ఎవరి వేలు వణుకుతోందో, ఎవరిది వణకడం లేదో కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

అన్నయ్య నవ్వాడు. ముందు చప్పుడు లేకుండా, తరవాత పైకే. రిమోటు నాకిచ్చి కుర్చీలో కూలబడి మరీ నవ్వాడు. జబ్బు వచ్చాక అలా నవ్వగా నేను చూళ్ళేదు.

"గా..." అని మొదలుపెట్టిన ఉపాధ్యక్షుల వారు అన్నయ్య వైపు చూసి ఆగిపోయారు.

"వర్జ్యం వెళ్ళలేదేమోనండీ" అన్నారు అధ్యక్షులు.

"రాత్రి వాన పడిందండి, తడి" అన్నారు ఇంకొకరు.

మిల్లు ఓనరు గారు గుట్టలోంచి కారు లాక్కొచ్చి, పీచు దులుపుకుంటూ ఆలోచించారు. "ఇది పవరు ఎక్కువై వచ్చిన సమస్యండీ. ఇంత పవరున్నప్పుడు ఆ పెట్టె లేకుండా ఆడడం ప్రమాదం. ఎవరి కాలి మీదకైనా వస్తే? సేఫ్టీ అండి. నా మటుకు నేను, ఆ పెట్టె తప్పనిసరి చెయ్యాలంటాను."

మొన్న మోసం లాంటిది ఇవాళ సేఫ్టీ అయింది. ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. అధ్యక్షుల వారు విజ్ఞానశాస్త్రం మనిషికి చేసిన మేలు గురించి మాట్లాడారు. పెట్టె లేనివాళ్ళు ఇకమీదట ఆడరాదన్నారు. ఎక్కడ దొరుకుతుందో సలహాదారు గారిని అడగాలన్నారు. అన్నయ్యని సలహా అడగడం అదే మొదలు.

ఇంటికొస్తుంటే కారు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. టైరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నూనె రాసేరే టైర్లకి."

స్కూటరు ఆపాను. "మరి చెప్పలేదేం?"

"అందరూ ఆర్డర్లు పెడుతున్నారుగా. పెట్టనీ. తరవాత చెప్తాలే."

చెప్పలేదు. మా కారు టైర్లు కుంకుడురసంతో రుద్ది కడిగాం. మిగతావాళ్ళ టైర్ల నూనె ఆడగా ఆడగా అరిగిపోయింది. ఈలోగా పెట్టెలొచ్చాయి. పెట్టె మహిమే అనుకున్నారు.

ఆ తరవాతి ఏడాది వానాకాలానికి అన్నయ్య జబ్బు ముదిరింది. పెట్టె మర చివరికంటా బిగించాల్సి వచ్చింది. వేలు ఎంత కొట్టుకున్నా కారు విసిరేది కాదు కాని, బలం బాగా తగ్గేది. నెమ్మదిగా, నిటారుగా వెళ్ళేది. అక్కడ ఇంకో చిక్కొచ్చింది. ఎవరూ దాటలేదు. అన్నయ్య కారు ముందు, సంఘం మొత్తం వెనక. అంతంత మోటార్లూ పెట్టుకుని, ఉత్సవవిగ్రహం వెనక ఊరేగింపులా నడిచారు. సగం రౌండ్లయ్యాక "బాగా నడుపుతున్నారండీ" అన్నారు అధ్యక్షులు.

ఇంటికొస్తూ అన్నయ్య అడిగాడు. "వీళ్ళు దాటరేంటే?"

"మర్యాద."

"రోడ్డు మీద మర్యాదేంటి? శవం వెనకాల నడిచినట్టు నడుస్తున్నారు. వచ్చే వారం కూడా ఇలాగైతే మానేస్తాను."

వచ్చే వారం కూడా అలాగే మొదలైంది. నేను పుస్తకం కుర్చీలో పెట్టి లేచాను. అందరి మొహాలూ భక్తిగా ఉన్నాయి. మిల్లు ఓనరు గారి మొహం మాత్రం బాధగా ఉంది. డొక్కల గుట్ట మలుపు వచ్చినప్పుడల్లా ఆయన వేలు మీట మీద కదిలి ఆగిపోతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"మీకెందుకండీ మొహమాటం? దాటండి."

"బావుండదేమోనండీ మేడం గారూ. ఆయన ఆరోగ్యం..."

"పోనీలెండి. అయినా ఆయన మీ చేత దాటించుకోరు."

"దాటించుకోరా?"

"మొదటిసారి పెట్టె పెట్టినప్పుడు దాటగలిగేరా మీరు?"

ఆయన మెడ నరం లేచింది. మీట నొక్కారు. మలుపులో లోపలి పక్క నుంచి వచ్చారు. అన్నయ్య చూశాడు. కారు నెమ్మదే కాని చోటు అతనిది. ఒక చెయ్యెడు లోపలికి జరిగి గుట్టకీ తనకీ మధ్య సందు మూసేశాడు. ఆయన బయటి నుంచి వచ్చారు. అన్నయ్య బయటికి జరిగాడు. అధ్యక్షుల వారు ఏదో అన్నారు, ఎవరూ వినలేదు. రౌండ్ల మీద రౌండ్లు అలాగే నడిచింది. చివరికి గేటు పక్క ఆయన పొడుగ్గా బయటికి వెళ్ళి, చుట్టు తిరిగి, దాటేశారు.

"హారన్ కొట్టకుండా దాటేరేంటండీ మిల్లు గారూ" అన్నాడు అన్నయ్య. "లైసెన్సు ఎవరిచ్చేరు?"

"దారివ్వని బస్సుని అలాగే దాటతారండీ" అన్నారాయన.

"కాలవలో పడుదురు, జాగర్త."

ఆ వానాకాలం చివరిదాకా అన్నయ్య మానలేదు. వాళ్ళిద్దరూ ప్రతివారం పోట్లాడుకున్నారు. మిగతావాళ్ళు మర్యాదగా వెనకే నడిచారు.

అన్నయ్య పోయాక సంఘం ఫ్లెక్సు వేయించింది. అందులో రాసేది ముందు నాకు చూపించారు, తప్పులుంటే దిద్దమని. అజాతశత్రువు, మృదుభాషి, క్రీడాస్ఫూర్తి ప్రదాత. అక్షరదోషాలు దిద్దాను. విశేషణాలు తీసేసి, బస్సు నడిపేవారు అని పెట్టమన్నాను. ఫ్లెక్సు సైజు ముందే చెప్పేశారట. ఖాళీ ఉంటే బావుండదన్నారు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి మిల్లు ఓనరు గారు ఒక్కరే వచ్చారు. వదిన కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయనకి ఓదార్చడం చేతకాదు. అన్నయ్య ఫోటో వైపు చూశారు, గోడ వైపు చూశారు, గ్లాసు వైపు చూశారు.

"గుట్ట దగ్గర లోపలికి రానిచ్చేవారు కాదండీ" అన్నారు చివరికి.

"కాదండీ" అన్నాను.

"మొన్న వానాకాలం మొత్తం మీద నేను రెండుసార్లు దాటేనండి ఆయన్ని."

"ఒక్కసారేనండీ. గేటు పక్క."

"ఆఖరి వారం కూడా దాటేను కదండీ."

"అప్పుడు ఆయన బ్యాటరీ అయిపోయింది. కారు ఆగిపోయింది."

"ఆగిపోతే? దాటడం దాటడమేనండీ."

"నడుస్తున్న బండిని దాటితేనే దాటినట్టు. ఆగి ఉన్న బస్సుని ఎవరైనా దాటతారు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అలాగైతే ఆయన నన్ను దాటినప్పుడు నా బండి సగం బయటికి జారి ఉంది. అదీ లెక్కలోకి రాకూడదు మరి."

"జారడం మీ తప్పు. బ్యాటరీ అయిపోవడం ఎవరి తప్పూ కాదు."

"ఛార్జింగు చూసుకోవద్దా అండీ డ్రైవరన్నాక?"

ఛార్జింగు పెట్టేది నేనే. అది చెప్పలేదు. వదిన గుమ్మంలోకి వచ్చి, "ఏంటి వదినా ఆ గొడవ" అంది. మేం ఇద్దరం ఆమెకి వివరించబోయాం. ఒకరు చెప్పేది ఇంకొకరు ఒప్పుకోలేదు. కాఫీ మీద మీగడ కట్టింది. ఆయన గేటు దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని, మళ్ళీ వెనక్కొచ్చి, "రెండేనండీ" అన్నారు.

"ఒకటేనండీ" అన్నాను.